మా వాడలో నేను కట్టిన తాడు

మా పఠన మందిరం వాళ్లు తీసే చేతిరాత పత్రికకు నన్నొక వ్యాసం రాయమన్నారు. కళ్లు పోయిన అన్న ఒంటరిగా నడవడానికి నేను వాడ పొడుగునా తాడు కట్టానని, సిద్దిపేటలో అందరూ చెప్పుకునే పని అదని, దాని గురించి రాస్తే పదిమందికి పనికొస్తుందని వాళ్ల ఉద్దేశం. రెండుసార్లు తప్పించుకున్నాను. మూడోసారి ఇంటికే వచ్చి కాగితాలు ఇచ్చి పోయారు. సరే, రాస్తున్నాను. వాళ్లు అడిగింది మాత్రం ఇది కాదు. వేసుకుంటే వేసుకుంటారు, లేకుంటే లేదు.

మాది నేతపని. వాడలో రెండు వైపులా కలిపి ముప్పై ఇళ్ల దాకా ఉంటాయి, అన్నీ నేతవాళ్లవే. అప్పట్లో అందరివీ గుంట మగ్గాలు. గడప దాటగానే ముందరి గదిలో, వెలుతురు పడేచోట, తొడలోతు గుంట తవ్వి ఉంటుంది. దాని గట్టున కూర్చుని కాళ్లు లోపలికి దింపి నేస్తాం. అందుకే నేతవాళ్లు ఏ ఇంట్లోకి పోయినా గడప దాటీ దాటగానే ఎడమ చేయి గోడకు ఆనిస్తారు. గోడ పట్టుకుని పోతే గుంటలో పడరు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. నడక వచ్చినప్పుడే వస్తుంది.

అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నలభై నిండకముందే రెండు కళ్లల్లోనూ పువ్వు పడింది. హైదరాబాదు దవాఖానకు రెండుసార్లు తీసుకుపోయాం. రెండోసారి ఆ డాక్టరు అన్న కళ్లలోకి చూడకుండా, నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇక పోలేదు. అన్న నేత మానేశాడు గాని పని మానలేదు. అతుకులు వేసేవాడు. మగ్గం మీది పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు తెచ్చి, ఒక్కొక్క పోగునూ పాత పోగు కొసకు చేర్చి మెలిపెట్టాలి. వందల పోగులు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి. కళ్లున్నవాళ్లకు ఆ పనితో కళ్లు గుంజుతాయి. అన్నకు ఆ బాధ లేదని నవ్వేవాళ్లు. అన్న కూడా వాళ్లతో నవ్వేవాడు. ఆయన వేసిన అతుకు తెగిందని నేనెప్పుడూ వినలేదు.

అయితే ఈ పనికి మగ్గం ఉన్నచోటికి మనిషి పోవాలి. అన్న పోయేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వాడ నడిమధ్యన, ఎవరి తోడూ లేకుండా. కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకు కళ్లు లేవంటే నమ్మేవాళ్లు కాదు. ఎట్లా పోతావని ఒకసారి అడిగాను. మగ్గాలు చెప్తాయి గదా అన్నాడు. నాకన్నీ ఒకే మోత. ఆయనకు కాదు. మూడో ఇంట్లో కాలితో తొక్కే బద్ద కిర్రుమంటుంది. ఎదురింటి పెద్దాయన, పోగును బిగించే అచ్చుకొయ్యను ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా కొడతాడు. మలుపు దగ్గరింట్లో పేకను అటూ ఇటూ మోసే నాడె ప్రతిసారీ ఆలస్యంగా వస్తుంది, ఆ ఇంటాయన ఏదో ఆలోచిస్తూ నేస్తాడు. ఇట్లా ముప్పై ఇళ్లూ ఆయన చెవుల్లో ఉండేవి.

యుద్ధం రోజుల్లో నూలు కంట్రోల్లోకి పోయింది. వంతుల మీద, అదీ కొసరి కొసరి వచ్చేది. ముందు వాడ చివరి ఇళ్ల మగ్గాలు ఆగిపోయాయి. తర్వాత నడిమి ఇళ్లవి. కొందరు కూలికి గజ్వేల్ వైపు పోయారు. ఒక ఇంటివాళ్లు తాళం కూడా వేయకుండా పోయారు. వేయడానికి తలుపులు ఉంటే గదా, అవి అమ్ముకునే పోయారు. ఆ వానలకు ఆ ఇంటి కప్పూ, ముందరి గోడలూ కూలాయి. దర్వాజ చట్రం ఒక్కటే నిలబడింది.

మగ్గాలు ఆగిపోతుంటే అన్నకు దారి పోయింది. ఒకరోజు ఒక ఇంటికి పోబోయి పక్కింటికి పోయాడు. ఇంకోరోజు నడివాడలో నిలబడిపోయాడు. మూడోసారి ఏకంగా వాడ దాటి బండ్లు ఆగే జాగ దాకా పోయాడు. ఎవరో బండాయన ఎక్కించుకుని తెచ్చి దింపాడు. ఆ రోజు వదినె నన్ను పట్టుకుంది.

"మీ అన్నను బస్తా లెక్క బండిల ఏసుకొచ్చిన్రు. నువ్వేం జేస్తున్నవ్ మరిదీ?"

నాకు సిగ్గయింది. సిగ్గుకంటే ముందు కోపం వచ్చింది. ఆయన మీదనే. తోడు తీసుకో అంటే తీసుకోడు. ఇంట్లో కూర్చుని కండెలు చుట్టు అంటే వినడు. ఆ సాయంత్రం అన్నే నన్ను పిలిచి ఒక మాట చెప్పాడు. దాన్ని ఆయన అన్నట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఈ వ్యాసంలో పనికొచ్చే మాట అదొక్కటే.

"నూలు లేకపోతె మగ్గం నడువదు. గని అచ్చుకొయ్య ఆడనే ఉంటది గద తమ్మీ. నేను బయటికొచ్చుడు సూసినోళ్లు ఒక్క దెబ్బ కొట్టమను. గంతే. నాకు ఇంకేం వద్దు."

నేను వద్దన్నాను. ముప్పై ఇళ్ల ముందర నిలబడి మా అన్నకోసం కొట్టండి అని అడుక్కోవాలా అన్నాను. తిండికి లేక ఎవరి బాధలో వాళ్లుంటే, నీ అడుగుల కోసం కాచుకుని కూర్చుంటారా అన్నాను. నేను రోజూ మొహం చూపించాల్సిన వాడ అది. ఒకరిని అడగడం నాకు చేతకాదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఆయన అడిగేది పద్ధతిగా లేదనే అనుకున్నాను.

అడగకుండా అయ్యే పనులు వెతికాను. మొదట కట్టె. చివర ఇనుప పొన్ను వేయించి, పైన చిన్న గంట కట్టించాను, ఎదురొచ్చేవాళ్లు తప్పుకుంటారని. అన్న దాన్ని చేతితో తడిమి, ఒకసారి ఆడించి చూశాడు.

"గంట గట్టుకోని తిరుగనీకె నేనేమన్న ఎద్దునా?" అన్నాడు. ఎదురింటి పెద్దాయన అరుగు మీద పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కట్టెకోసం రెండు రోజులు తిరిగాను. గంట తీసేసి ఇచ్చినా పట్టుకోలేదు. కట్టె టకటకలాడితే వినవలసినవి వినిపించడం లేదన్నాడు. వినడానికి ఏముందని అరిచాను. మూడో నాలుగో మగ్గాలే ఆడుతున్నాయి అప్పటికి.

తర్వాత తాడు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు దాన్ని వాడ పొడుగునా సాగదీసి కట్టడానికి ఎడమవైపు వరుసగా గుంజలు పాతి ఉంటాయి. నూలు లేక అవి ఊరికే నిలబడి ఉన్నాయి. జనుపతాడు పేనించి, నడుమెత్తున గుంజ నుంచి గుంజకు లాగి కట్టాను. ఒక్కొక్క ఇంటి ముందర ఒక ముడి. ప్రతి అయిదో ఇంటికి ముడితోపాటు గుడ్డపీలిక. నాలుగు రోజుల పని. ఒక్కరినీ ఏమీ అడగలేదు. అంతా నా చేతులతోనే కట్టాను. వాడ వాడంతా వచ్చి చూసింది. తమ్ముడంటే ఇట్లుండాలె అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు సరిపోయింది.

అన్న ఒకసారి తాడు పట్టుకుని ఆ కొస దాకా పోయి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చేయి రుద్దుకుంటూ, తాడు పట్టుకుంటే చెవులు పనిచేయడం లేదన్నాడు. ధ్యాసంతా చేయే గుంజుకుంటుందన్నాడు. రేపు తాడు తెగితే తానెక్కడున్నాడో తనకే తెలియదన్నాడు. తెగదు, నేను పేనించిన తాడు తెగదు అన్నాను. ఏం చేసినా వంక పెడతావని కూడా అన్నాను. వారం రోజులు ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. చివరకు వదినె బతిమిలాడితే తాడు పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఎటు పోయినా తాడుతోనే. మెడ ఒక పక్కకు వంచి వినే అలవాటు పోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఇక అసలు సంగతి.

మా ఇంటి వంతు నూలు వచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన నూలు. పడుగు తయారయ్యాక గంజికి గుంజలు కావాలి. గుంజలకేమో తాడు కట్టి ఉంది. తెల్లవారగానే మూడు నాలుగు గుంజల మేర తాడు విప్పాను. విప్పిన కొసను ఏం చేయాలి? మా ఇళ్లల్లో పోగు గాని, తాడు గాని నేలమీద కాళ్లకింద వదలం. కింద పడితే చేతులు వాటంతట అవే తీసి దగ్గరున్న దేనికో బిగించి కడతాయి. పుట్టినప్పటి నుంచి చేసిన పని. నా చేతులూ అదే చేశాయి. ఆ కొసను తీసుకుపోయి, వదులుగా ఉంటే పాడవుతుందని బాగా లాగి, కూలిన ఇంటి దర్వాజకు కట్టాను. కట్టి మరిచిపోయాను. నేలమీద పడేసి ఉంటే అన్న చేతికి తాడు అందేది కాదు, అందకపోతే ఆగి పిలిచేవాడు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

గంజి పెట్టేవేళ ఎవరికీ ఊపిరాడదు. ఎండ ముదరకముందే కుంచెలు లాగాలి. లేకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుని ఆరిపోతాయి. ఆరేడుగురం అటూ ఇటూ ఉన్నాం. నేను నడిమధ్యన ఉన్నాను. అన్న ఇంట్లోంచి బయటికి రావడం చూశాను. చూడలేదని ఎవరికీ చెప్పను ఇక. చూశాను. ఎడమచేయి తాడు మీద వేసుకుని నిబ్బరంగా నడుస్తున్నాడు. తాడు కొస మార్చి కట్టిన సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. చూడు, ఎంత బాగా పోతున్నాడో అనుకున్నాను. నన్ను చూసి ఎవరైనా ఒక మంచిమాట అంటారేమోనని పక్కకు కూడా చూశాను.

తర్వాత గుర్తొచ్చింది. అయినా చేతిలో కుంచె ఉంది. గంజి ఆరుతోంది. కొస దాకా పోయి దర్వాజ తగిలితే ఆగుతాడు, ఇంకో రెండు లాగులు లాగి పిలుద్దాం అనుకున్నాను. రెండు లాగులు లాగాను.

అన్న దర్వాజ తగలగానే ఆగలేదు. తాను పోవలసిన ఇల్లు వచ్చిందనుకున్నాడు. గడప దాటడానికి కాలెత్తాడు. లోపలికి పోగానే, పుట్టినప్పటి నుంచి చేసినట్టే, గోడ కోసం ఎడమచేయి చాపాడు. గోడ లేదు. ఆ మొగ్గులో ఆయన పాత మగ్గం గుంటలో పడ్డాడు. అడుగున కూలిన పెంకులూ రాళ్లూ ఉన్నాయి. కుడిచేయి ఒంటి కింద పడి నలిగింది.

నేను అందరికంటే ముందు ఉరికాను. అన్నను లేపడానికి కాదు. లేపడానికే అనుకుని ఉరికాను. కానీ దర్వాజ దగ్గరికి రాగానే నా చేతులు ముందు తాడు ముడి విప్పాయి. తాడు లాగి పక్కకు విసిరాను. ఈసారి నేలమీదనే పడేశాను. తర్వాత గుంటలోకి దిగాను. మిగతావాళ్లు వచ్చేసరికి ముడి లేదు. ఎట్లా పడ్డాడని ఎదురింటి పెద్దాయన అడిగాడు. తాడు విడిచిపెట్టి నడిచాడు అన్నాను. గంజికోసం తాడు విప్పినప్పుడు అన్నకు చెప్పే ఉంచానని కూడా అన్నాను. చెప్పలేదు.

అన్న నా పక్కనే, చేయి పట్టుకుని, పళ్లు బిగించి కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు.

చేయి కట్టు కట్టినాయన తనకు వచ్చినంత బాగానే కట్టాడు. కానీ మణికట్టు వంకరగా అతుక్కుంది. బొటనవేలు చూపుడువేలిని అందుకోలేదు. అతుకు వేయడానికి కావలసింది ఆ రెండు వేళ్లే. యుద్ధం అయిపోయింది, నూలు మళ్లీ వచ్చింది, మగ్గాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. అన్న అరుగు మీద కూర్చుని వినేవాడు. దిగేవాడు కాదు. మొండితనం వల్ల పడ్డాడు, తమ్ముడు అంత చేస్తే వినలేదు, ఇప్పుడు భయం పట్టుకుంది అని వాడంతా అనుకుంది. నా ముందు కూడా అన్నారు. నేను తల ఊపాను. తాడు మాత్రం విప్పలేదు. మిగిలిన గుంజల మధ్య ఏళ్లతరబడి అట్లాగే ఉంది. జనం బట్టలు ఆరేసుకున్నారు. తాడు మంచి పేరు నాకు రోజూ తెచ్చిపెడుతుంటే ఎట్లా విప్పను.

మొన్న గజ్వేల్ నుంచి ఒకాయన వచ్చాడు. కూరగాయల వ్యాపారం. తల్లికి చూపు మందగించిందట. ఇంటి నుంచి చేదబావి దాకా తాడు కడదామని, నేనెట్లా కట్టానో చూసిపోదామని పొద్దుటి బస్సుకు వచ్చాడు. గుంజలు చూపించాను, ముడులు చూపించాను. ఆయన ప్రతిదానికీ తల ఊపి చేతితో కొలుచుకున్నాడు. చివరికి అడిగాడు:

"కొసకు దేనికి గట్టిన్రన్నా?"

గుంజకే అనబోయాను. అరుగు మీంచి అన్న అందుకున్నాడు.

"కూలిపోయిన ఇంటి దర్వాజకు గట్టిండు."

గజ్వేల్ ఆయన అదేదో హాస్యమనుకుని నవ్వాడు.

"చెప్పు తమ్మీ," అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు, ఇంకేదీ లేదు. "ఆయన వాళ్లమ్మకు కట్టవోతుండు. బాయి కాడికి."

చెప్పాను. ఆ పరాయి మనిషి ముందర, మొదటిసారి, పైన రాసిందంతా చెప్పాను. గజ్వేల్ ఆయన చాలాసేపు కండువా కొసలు సర్దుకున్నాడు. తాడు కట్టుకోవాలా వద్దా అని అడగలేదు. మంచినీళ్లు తాగి పోయాడు. వాళ్ల అమ్మకోసం ఏం చేశాడో నాకు తెలియదు.

ఆయన పోయాక అన్నను అడిగాను, తాడు అక్కడ కట్టినట్టు ఎప్పటి నుంచి తెలుసని.

"పడకముందే. దర్వాజ కాడ నీ ముడి చేతికి తగిలింది. రెండు సుట్లు సుట్టి కొస లోపటికి దోపుతవు, నాకు ఎరుక లేదా? నువ్వు గట్టినవంటె ఇల్లే అనుకున్న. గందుకే లోపటికి వోయిన."

తెలిసి కూడా ఇన్నేళ్లు ఎందుకు అనలేదని నేను అడగకముందే ఆయనే చెప్పాడు.

"నువ్వే చెప్తవని సూసిన. కొన్నొద్దులు సూసిన. ఎనక సూసుడు బంద్ జేసిన."

మళ్లీ అన్నాడు, అతుకు పని చేయి పోబట్టి పోయింది, నడక ఎందుకు పోవాలె అని. తాను అప్పుడు అడిగింది ఇప్పుడైనా అడిగి పెట్టగలవా అన్నాడు.

మర్నాడు ముప్పై ఇళ్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో ముందు అన్న పడ్డ అసలు సంగతి చెప్పి, తర్వాత అచ్చుకొయ్య సంగతి అడిగాను. ఇద్దరు ముగ్గురు నా మొహం చూడకుండా సరే అన్నారు. ఒకింటావిడ లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు. మరొకాయన, అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు, పేరన్నా ఉండేది గదా అన్నాడు. ఎదురింటి పెద్దాయన అంతా విని, ఉమ్మి, ఒక్కమాట అన్నాడు.

"ఒక్క దెబ్బకు నూలు గావాల్నారా? గప్పుడే అడిగితె కాదంటుంటిమా?"

వస్తూ వస్తూ తాడు విప్పాను. మెత్తబడి, నా చేతుల్లోనే పోగులు పోగులుగా విడిపోయింది.

మొదటి రోజు అంతా చెడింది. అన్న అరుగు దిగగానే ముప్పై ఇళ్లవాళ్లూ ఒక్కసారే కొట్టారు, కొందరు ఆపకుండా. ఆయన రెండు చెవులూ మూసుకుని నిలబడి, ఇది నడకనా, పెండ్లి ఊరేగింపా అని తిట్టి వెనక్కి తిరిగాడు. నేను మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, మీ ముందుకు వచ్చినప్పుడే, ఒక్కసారే అని చెప్పి వచ్చాను. నన్ను చూసి చూసి వాళ్లు విసిగిపోయారు. నేనూ విసిగిపోయాను. రెండో రోజు కొంత నయం. మూడో రోజు అన్న, ఎదురింటి పెద్దాయన ఇంటికి మధ్యలో ఏడు ఇళ్లు చుట్టి పోతానని బయలుదేరాడు. నన్ను వెనకాల రమ్మన్నాడు, నోరు తెరవొద్దన్నాడు.

పది అడుగుల వెనక నడిచాను. ఆరు ఇళ్లు చక్కగా కొట్టాయి. ఏడో ఇంట్లో చప్పుడు లేదు. ఆ ఇంటాయన ఎటో పోయినట్టున్నాడు. అన్న నడివాడలో ఆగాడు. మెడ ఒక పక్కకు వంచాడు. ఆయన కాలికి మూడడుగుల దూరంలో గుంజ ఉంది. కొంచెం కుడికి జరుగు అనే మాట నా నాలుక మీదనే ఉంది. పళ్ల మధ్య పెట్టి బిగించాను. ఎంతసేపు అట్లా నిలబడ్డామో చెప్పలేను. వాడలో ఎవరూ కదలలేదు.

అన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏందే, గా ఇంట్ల అందరు పండుకున్నరా?"

లోపలి నుంచి ఎవరో ఆడమనిషి నవ్వు వినిపించింది. ఆ వెంటనే ఒక్క దెబ్బ. అన్న కుడికి జరిగి గుంజను దాటాడు. ఎదురింటి పెద్దాయన అచ్చుకొయ్య గట్టిగా మోగింది. అటు తిరిగాడు. గడప దాటాడు. దాటగానే ఎడమచేయి పక్కకు చాపాడు. గోడ ఉంది.